13 ఏళ్ళ పాపకి డేట్ తప్పుతోందా?

ప్ర: డాక్టరు గారూ, మాది రాజోలు దగ్గర. మా పాపకి 13 ఏళ్ళు, పోయిన సంక్రాంతికి పెద్దమనిషి అయ్యింది, కానీ డేట్ ఒక్కోసారి 40 రోజులకి గానీ రావట్లేదు, మా అత్తగారేమో చిమ్మిలి పెట్టమంటారు, పక్కింటావిడ స్కానింగ్ తీయించమంటది. స్కూల్లో ఇచ్చే నీలం ఐరన్ మాత్ర కూడా వేసుకోట్లేదు, కడుపులో తిప్పుతుందంట.

జ: కంగారు పడకమ్మా. మొదటి రెండు మూడేళ్ళు అండం ప్రతినెలా విడుదలవ్వదు, అందుకే 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా ఆ వయసుకి మామూలే, ఇప్పుడే స్కానింగ్ అక్కర్లేదు. మూడు నెలలు దాటినా రాకపోతే, వారం దాటి పోతుంటే, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతుంటే మాత్రం ఆగకుండా గైనకాలజిస్టుకి చూపించండి, హిమోగ్లోబిన్ కూడా చేయిస్తారు. లోపల పరీక్ష చేస్తారేమోనని చాలామంది తల్లులు రారు, ఈ వయసులో సాధారణంగా అది అవసరం రాదు, స్కానింగ్ కావాల్సొచ్చినా పొట్ట మీదనుంచే తీస్తారు.

చిమ్మిలి పెట్టండి, మీ అత్తగారి మాటలో తప్పులేదు, కాకపోతే నువ్వులు బెల్లం తిన్నంత మాత్రాన డేట్ సరైపోదు, రక్తహీనత ఉంటే అదొక్కటే చాలదు కూడా. నీలం మాత్ర వారానికి ఒక్కటే కదా, అన్నం తిన్నాక వెయ్యండి, వెంటనే టీ ఇవ్వొద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. విరోచనం నల్లగా వస్తే భయపడొద్దని పాపకి ముందే చెప్పండి.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాకి 9 నుంచి 14 ఏళ్ళే మంచి వయసు, వెళ్ళినప్పుడు అదీ అడగండి.