మీరడగండి, నేను చెప్తా: యూనివర్సిటీ మ్యూజియంలోకి మనల్ని రానిస్తారా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది గుంటూరు. అమ్మాయీ అల్లుడూ బోస్టన్ దగ్గర ఉంటారు, మేం ఆర్నెల్లకని వచ్చాం. హార్వర్డ్‌లో మ్యూజియంలు ఉన్నాయనీ, టూర్లూ టాక్‌లూ పెడతారనీ, బొమ్మలేయించే వర్క్‌షాపులు కూడా ఉంటాయనీ పక్కింటావిడ చెప్పింది. చదువుకునేవాళ్ళు కాకపోయినా రానిస్తారా? నా ఇంగ్లీషు అంతంతమాత్రం, మావారికి కాసేపు నిలబడితే మోకాళ్ళ నొప్పులు, పైగా వెంట ఎనిమిదేళ్ళ మనవడు.
– ఓ అమ్మమ్మ

జవాబు: శుభ్రంగా రానిస్తారమ్మా, ఎవరూ ఐడీ కార్డు అడిగి గుమ్మం దగ్గర ఆపరు. హార్వర్డ్ ఆర్ట్ మ్యూజియమ్స్‌కి 2023 నుంచి టికెట్టే లేదు, అందరికీ ఫ్రీ, సోమవారం మాత్రం సెలవు. రెడ్ లైన్ ట్రైన్‌లో హార్వర్డ్ స్క్వేర్‌లో దిగితే నడిచే దూరమే. లోపలికెళ్ళగానే మధ్యలో పెద్ద హాలు, పైన అద్దాల కప్పు, కూర్చోడానికి చోటుంటుంది, పక్కనే కాఫీ. అంకుల్‌ గారిని అక్కడ కూర్చోబెట్టి మీరూ మనవడూ ఓ రౌండేసి రావచ్చు.

నా మాట వింటే మొత్తం చూసేద్దామని మాత్రం పెట్టుకోకండి, మనవాళ్ళు టికెట్ లేదనగానే ప్రతి గదీ తిరిగి కాళ్ళు పీకించుకుని, రాత్రి ఏం చూశారంటే ఒక్కటీ చెప్పలేరు. అక్కడ చదివే స్టూడెంట్లే ఇచ్చే టూర్లుంటాయి, అందులో ఒకటి పట్టుకోండి. ఒక్కో పిల్ల తనకి నచ్చిన కొన్ని వస్తువులే ఎంచుకుని, వాటి మీద తనే చదువుకుని వచ్చి చెప్తుంది. వింటున్నవాళ్ళు అడ్డం పడి అడిగితే వాళ్ళకి సంతోషమే, అందుకే ఇంగ్లీషు గురించి బెంగ వద్దు, "అగైన్, స్లోలీ" అంటే చాలు. అసలు యూనివర్సిటీ మ్యూజియం పెట్టిందే పాఠం చెప్పడానికి కదా, ప్రశ్న అడిగినవాళ్ళని అక్కడ చిన్నచూపు చూడరు.

ఇంకోటి, పై అంతస్తులో అద్దాల వెనక రంగుల సీసాల బీరువాలు వరసగా కనిపిస్తాయి. లోపలికి వెళ్ళనివ్వరు గానీ బయట నుంచే చూడొచ్చు. ఫోర్బ్స్ పిగ్మెంట్ కలెక్షన్ అంటారు, 2,500కి పైగా రంగులు. ఈ పెయింటింగ్ అసలుదా నకిలీదా తేల్చడానికి, రిపేరు చేయడానికి ఇవి పనికొస్తాయి. వాటిల్లో ఇండియన్ ఎల్లో అని మన దేశపు పసుపుపచ్చ రంగు కూడా ఉంది. ఆవులకి మామిడాకులు మాత్రమే మేపి వాటి మూత్రం మరిగించి ఆ రంగు తీస్తారని 1883లో త్రైలోక్యనాథ్ ముఖర్జీ అనే ఆయన బీహార్‌లో ముంగేర్ దగ్గర ఊరు చూసొచ్చి రాశారు. మనవడికి ఇది చెప్పి చూడండి, ఆ రోజంతా ఇంకేం మాట్లాడడు.

దక్కన్ చిత్రాలు, అంటే మన గోల్కొండ, బీజాపూర్ వైపు పాతకాలం బొమ్మలు కూడా ఈ ఆర్ట్ మ్యూజియం దగ్గరున్నాయి. కాగితం మీద వేసినవి వెలుతురు తగిలితే రంగు పోతాయని ఎల్లకాలం గోడకి పెట్టి ఉంచరు, కానీ ఆర్ట్ స్టడీ సెంటర్ అని ఉంది, ముందే ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుంటే మీరడిగిన బొమ్మ తీసి టేబుల్ మీద పెట్టి చూపిస్తారు. ప్రొఫెసర్లకే కాదు, మామూలువాళ్ళకీ. మీ అమ్మాయితో బుక్ చేయించుకోండి. వర్క్‌షాపులకి మాత్రం డబ్బులుండొచ్చు, వయసు రూలు కూడా చూసుకోండి.

పిల్లాడికి అసలు పండగ దగ్గర్లోనే ఉన్న నేచురల్ హిస్టరీ మ్యూజియంలో. దీనికి టికెట్ ఉంది, కాకపోతే మసాచుసెట్స్‌లో ఉండేవాళ్ళకి ఆదివారం పొద్దున 9 నుంచి 12 దాకా ఫ్రీ, అడ్రస్ ప్రూఫ్ చూపించాలి, అంటే అమ్మాయివాళ్ళకి కలిసొస్తుంది, మీ ఇద్దరికీ అడిగి చూడాలి. అక్కడ గాజు పూలున్నాయి. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర బ్లాష్కా తండ్రీకొడుకులు 1886 నుంచి 1936 దాకా చేసినవి, నాలుగు వేల పైచిలుకు. ఎండబెట్టిన మొక్కలకి రంగు పోతోంది, క్లాసులో చూపించడానికి పనికిరావట్లేదని బోటనీ ప్రొఫెసర్ గుడేల్ చేయించారు. అందరూ పూల దగ్గరే ఆగుతారు, నేనైతే, ఆ రోజు బయట పెట్టి ఉంటే, కుళ్ళిన పళ్ళ దగ్గరకి వెళ్ళమంటాను: బూజు పట్టిన స్ట్రాబెర్రీ, మచ్చలొచ్చిన పియర్, ముడతలతో సహా గాజుతో చేసి పెట్టాడు కొడుకు. పిల్లాడికి ఓ పెన్సిలూ నోట్‌బుక్కూ ఇచ్చి అక్కడ కూర్చోబెట్టండి, గీసుకుంటాడు. పెన్ను వద్దు, చాలా మ్యూజియంల్లో ఒప్పుకోరు.

ప్రశ్న: నేను ఓ డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. మా ల్యాబ్ పక్కన మ్యూజియం రూమ్ ఉంది, సీసాల్లో పాములూ, బీరువాలో స్టఫ్ చేసిన పక్షులూ, దుమ్ము కొట్టుకుపోతున్నాయి. ఊళ్ళో స్కూలు పిల్లల్ని పిలవాలని ఉంది, ఎలా మొదలెట్టాలి?
– తూర్పు గోదావరి నుంచి ఒక సార్

జవాబు: భలే ఆలోచన సార్, వెంటనే చేసేయండి. ఫిబ్రవరి 28 సైన్స్ డే ఎలాగూ ఉంది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నేచురల్ హిస్టరీ మ్యూజియం 1860 నాటిది, అంత పాత చోట కూడా పిల్లలు చేత్తో ముట్టుకోడానికని కొన్ని విడిగా పెట్టారు. మీరూ ఓ బల్ల వేసి గవ్వలూ, ఎముకలూ, పట్టుపురుగు గూళ్ళూ పెట్టండి. కానీ ఆ పాత పక్షుల్ని మాత్రం ముట్టనివ్వద్దు, పూర్వం పురుగు పట్టకుండా వాటికి ఆర్సెనిక్ అనే విషం పూసేవాళ్ళు. పాముల్ని నిలవ ఉంచిన ఫార్మలిన్ సీసాలు కూడా ముట్టనివ్వద్దు, మూత బిగుతుగా ఉందో లేదో ముందురోజే చూడండి, కారుతున్నవి పక్కన పెట్టేయండి.

గైడ్లుగా మీరు నిలబడకండి, సెకండియర్ వాళ్ళకి తలా ఒక సీసా అప్పజెప్పండి, ఆ ఒక్కదాని గురించే చెప్పాలి, తెలీని ప్రశ్నొస్తే రాసుకోవాలి. అన్నీ బయట పెట్టక్కర్లేదు, పదో పన్నెండో చాలు. చివర్లో పిల్లలకి తెల్లకాగితాలిచ్చి ఒక్క జంతువు గీయమనండి, గీసేటప్పుడే కాళ్ళు ఎన్నున్నాయో లెక్కపెడతారు. ఆ బొమ్మలు కారిడార్ గోడకి అంటించండి, మీ ప్రిన్సిపాల్ గారు చూస్తే బహుశా కొత్త బీరువా కూడా శాంక్షన్ చేస్తారు.