వెళ్లొస్తాను అనే మాటకి ఇంగ్లీషు

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాం. కదలడానికి ఇంకా జనం చాల్లేదు. "మావయ్యా, ఆఫీసులో 'విల్' అనాలా, 'గోయింగ్ టు' అనాలా?" అన్నాడు మా మేనల్లుడు. వచ్చే నెల ఇంగ్లండులోని లీడ్స్ వెళ్తున్నాడు. ఏదన్నా అర్థమైపోతుందిలేరా అనబోయి ఆగాను. పరదేశంలో మొదటి ఏడాది నాకు తగిలిన దెబ్బ గుర్తొచ్చింది.

సంక్రాంతికి టిక్కెట్లు కొనేసుకుని మేనేజరుతో "ఐ విల్ గో టు ఇండియా ఇన్ జాన్యువరీ" అన్నాను. మన "వెళ్తాను"ని ఉన్నదున్నట్టు దింపేశానన్నమాట. ఆయన "బాగుంటుంది, వెళ్లిరా" అని నవ్వేసి పోయాడు. అప్పుడే పుట్టిన ఊహ అనుకున్నాడు పాపం. డిసెంబర్లో రోటా, అదే డ్యూటీల పట్టిక, చూస్తే పండగ వారమంతా నా పేరే! "ఐయామ్ ఫ్లయింగ్ టు ఇండియా ఆన్ ది టెన్త్" అని ఉంటే, అంతా ఖాయమైపోయిందని ఆ క్రియే చెప్పేది.

ఈ తేడా మనకి తెలీనిదేం కాదు. టిక్కెట్టు చేతికొచ్చాక అమ్మతో "పదో తారీఖున వస్తున్నా" అంటాం గానీ "వస్తా" అనం కదా. మీ నోటికి "వస్తున్నా" వచ్చిన చోట ఇంగ్లీషులోనూ "ఐయామ్ కమింగ్" అనండి, చాలావరకు సరిపోతుంది. ఫోన్ మోగితే "ఉండు, నేను తీస్తా" అంటామే, అలా అప్పటికప్పుడు అనుకున్నదానికి విల్: "ఐల్ గెట్ ఇట్". మాటిచ్చినా విల్లే. మనసులో ముందే అనుకుని ఉంటే గోయింగ్ టు. దీనికీ "ఐయామ్ కమింగ్"కీ మధ్య గట్టు మరీ ఎత్తైనదేం కాదు, బుర్ర పాడుచేసుకోకండి. రైలు వేళలకి "ది ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్". ఈ పంటుకి మాత్రం ఆ వ్యాకరణం చెల్లదు.

ఇంతలో సముద్రం వైపు నుంచి మబ్బు కమ్మింది. గట్టు మీద ధాన్యం ఆరబోసినవాళ్లు "వానొచ్చేలా ఉంది, బరకాలు కప్పండెహె!" అని కేకలు.

"దీన్నేమంటావురా?"

"ఇట్ విల్ రెయిన్."

"కళ్లెదుట మబ్బు పెట్టుకునా? ఇట్స్ గోయింగ్ టు రెయిన్."

మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇంకోచోట: "వెన్ ఐ విల్ రీచ్, ఐ విల్ కాల్." తెలుగులో "చేరగానే ఫోన్ చేస్తా" అంటాం. "చేరగానే"లో "తా" ఉందా? లేదు. అక్కడ విల్ కూడా ఉండదు: "వెన్ ఐ రీచ్, ఐల్ కాల్." "వానొస్తే" అన్నదీ అంతే, "ఇఫ్ ఇట్ రెయిన్స్".

నరసాపురంలో దిగుతూ "మరి 'వెళ్లొస్తాను'కో?" అన్నాడు.

"సీ యూ అనేసి వచ్చెయ్. 'ఐ విల్ గో అండ్ కమ్' అన్న పాపానికి మా ఇంటి ఓనరమ్మ ఓ సాయంత్రం నాకోసం టీ కాచి, చల్లారేదాకా కూర్చుంది."