కంచె వాక్కాయ కాయడం లేదు

ప్రశ్న: పెరటి కంచె కోసం గింజ నాటి వాక్కాయ మొక్కలు పెంచాం. అయిదేళ్లు దాటినా ముళ్లే తప్ప ఒక్క కాయ లేదు. కంచె నీట్‌గా ఉండాలని మావారు నెలనెలా కత్తిరిస్తారు. కొమ్మ తెగితే కారే పాలు విషమని, పిల్లలున్న ఇంట్లో వద్దని, కొట్టేయమని మా అత్తగారు. షుగర్‌కి మంచిదట, వేరు ఇమ్మని పక్కింటాయన. ఏం చేయమంటారు?
- ఒక గృహిణి, ఏలూరు

జవాబు: ముందు మీవారి చేతిలో కత్తెర లాక్కోండమ్మా. వాక్కాయకి పూత కొమ్మల చివర్లలో గుత్తులుగా వస్తుంది. ఆ చివర్లే నెలనెలా ఎగిరిపోతుంటే కాయ ఎలా వస్తుంది? వానాకాలం కాపు అయ్యాక ఏడాదికొక్కసారి కత్తిరిస్తే చాలు. ఎండ బాగా తగలాలి. నీళ్లూ ఎరువూ అతిగా పెడితే ఆకే పెరుగుతుంది.

మీ అత్తగారి భయాన్ని తీసిపారేయను. గన్నేరు, పచ్చగన్నేరు కూడా వాక్కాయ కుటుంబమే. వాటికీ పాలు కారతాయి, పచ్చగన్నేరు గింజ ప్రాణాలే తీస్తుంది. కానీ దానికి ముళ్లుండవు, ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుంది. వాక్కాయది కోలగా, ఎదురెదురుగా ఉండే ఆకు, గట్టి ముళ్లు. దీని కాయ మనం తరతరాలుగా తింటున్నదే. పాలు జిగురు కాబట్టి, పచ్చికాయ కోసే ముందు చేతికీ కత్తికీ నూనె రాసుకోండి. పిల్లల విషయంలో నాకు టెన్షన్ ఆ ముళ్లతోనే. ఆడుకునే వైపు కొమ్మలు మాత్రం తీసేయించండి.

కాపు మొదలయ్యాక పప్పు చేసుకోండి. కాయని రెండు చెక్కలు చేసి, గింజ తీసి, కందిపప్పులో పచ్చిమిర్చితో ఉడికించి, ఇంగువ పోపు పెట్టాలి. ఇంత పుల్లటి కాయ పప్పులోనూ చింతపండు వేసేవాళ్లున్నారు, ఎందుకో నాకర్థం కాదు! పచ్చడికీ, ఊరగాయకీ పచ్చికాయే బాగుంటుంది. జెల్లీ గడ్డకట్టే గుణం కూడా దీనికుంది. అన్నట్టు, బేకరీ కేకుల మీద ఎర్రగా మెరిసే చెర్రీ చాలాసార్లు రంగు వేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయే.

పక్కింటాయనకి వేరు ఇవ్వొద్దు. నాటువైద్యంలో నులిపురుగులకి దాన్ని వాడేవారు, నిజమే. అలాగని షుగర్ మాత్రలు మానేసి వేరు కషాయం తాగడం ప్రమాదం. పైగా వేరు తవ్వితే మీ కంచెకి దెబ్బ. ఆయనకి మొక్క కావాలంటే పండు ఇవ్వండి. గింజ తీసిన వెంటనే నాటమనండి, ఎండబెట్టి దాస్తే మొలవదు.