భయపెడితే జనం పాస్‌వర్డ్‌లు మారుస్తారా?

ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడటం ప్రమాదమని తెలిసి కూడా జనం ఎందుకు మారరు, ఇంకాస్త భయపెడితే మారతారా అని అడిగారు. నేనూ ఆ జనంలో ఒకణ్ణే కాబట్టి నా సంగతే చెప్తాను.

పదేళ్ళకు పైగా కంప్యూటర్ల మధ్యే ఉద్యోగం. ఆఫీసులో ఎవరికి అనుమానపు మెయిల్ వచ్చినా నా దగ్గరికే పట్టుకొచ్చేవారు. దొంగ లింకును చూడగానే పసిగట్టేస్తానని ధీమా. అందుకే నా సొంత అకౌంట్లలో మూడింటికి ఒకటే పాస్‌వర్డ్ ఉన్నా, పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రెండంచెల లాగిన్ పెట్టుకోకపోయినా ఎప్పుడూ బెంగ కలగలేదు. ఒకరోజు అర్ధరాత్రి, నిద్రమత్తులో, 'మీ మెయిల్ స్టోరేజ్ నిండిపోయింది' అన్న మెసేజ్ నొక్కాను. పాస్‌వర్డ్‌ను ఎప్పుడూ బ్రౌజరే నింపేది, ఆ పేజీలో నింపలేదు. బ్రౌజర్ మొరాయిస్తోందని విసుక్కుని నేనే టైప్ చేశాను! అసలు సైట్ కాదు కాబట్టే అది నింపలేదని తెల్లారాక గానీ వెలగలేదు. అప్పటికే మిగతా రెండు అకౌంట్లలోకీ ఎవరో దూరారు.

పాస్‌వర్డ్‌లు ఎక్కడెక్కడ లీకయ్యాయో చూపించే సైట్‌ను 2013లో మొదలుపెట్టిన ట్రాయ్ హంట్ కూడా 2025 మార్చిలో ఇలాగే ఒక ఫిషింగ్ మెయిల్‌కి, అంటే దొంగ పేజీకి రప్పించే మెయిల్‌కి, చిక్కాడు. ప్రయాణ బడలికలో ఉన్నాడట. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి నింపే ఆయన పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ కూడా ఆ పేజీలో నింపలేదు. ఇది చదివాక కాస్త ఊరట కలిగిందని ఒప్పుకోవాలి.

మా అమ్మది పూర్తిగా వేరే కథ. ఏ మెసేజ్ వచ్చినా టెన్షనే. తెలియని లింకు చచ్చినా నొక్కదు. మరి ఆమె ఫోన్ భద్రంగా ఉందా అంటే, లేదు. ఏదైనా నొక్కితే ఉన్నవి పోతాయేమోనన్న భయంతో అప్‌డేట్లు కూడా చేయకుండా వదిలేసేది. మోసాల వార్తలు పంపిన కొద్దీ ఆ భయం ముదిరిందే తప్ప ఒక్క సెట్టింగూ మారలేదు. చివరికి వాటిని చూడటమే మానేసింది.

తనకు చెడు జరిగే అవకాశం తోటివాళ్ళకంటే తక్కువేనని చాలామంది అనుకుంటారని నీల్ వైన్‌స్టీన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లోనే చూపించాడు. నాది ఆ జబ్బే. రొనాల్డ్ రోజర్స్ అనే ఆయన 1975లో ప్రతిపాదించిన సిద్ధాంతం అమ్మ సంగతి చెబుతుంది. ప్రమాదం పెద్దదనిపిస్తే చాలదు, చెప్పిన జాగ్రత్త పనిచేస్తుందని కూడా అనిపించాలి. అది తన చేత అవుతుందన్న నమ్మకాన్ని ఆయన 1983లో దీనికి జోడించాడు. అమ్మకి లేనిది అదే. పట్టేస్తానన్న ధీమా, చేసుకోగలనన్న నమ్మకం పైకి ఒకలాగే కనిపిస్తాయి. మొదటిది నన్ను ముంచింది, రెండోది లేక అమ్మ ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని అమ్మ చేతే రెండంచెల లాగిన్ పెట్టించాను. ఫోన్ నా చేతిలోకి తీసుకోకుండా ఉండటమే కష్టమైంది. పది నిమిషాల పనికి గంట పట్టింది. మరుసటి వారం పిన్నికి అదే పని అమ్మ ఫోన్‌లో చెప్పి చేయించింది. "ఆ, అక్కడే నొక్కు, ఏం కాదు" అంటుంటే నవ్వొచ్చింది.

నేనిప్పుడు నా కళ్ళను నమ్మడం మానేశాను. కుదిరిన చోటల్లా పాస్‌కీ పెట్టుకున్నాను, అంటే పాస్‌వర్డ్ టైప్ చేయకుండా ఫోన్ లాక్ తీసినట్టే లాగిన్ అవడం. దొంగ పేజీలో అది పనిచేయదు, నేను నిద్రమత్తులో ఉన్నా సరే. మీరు ఇంట్లోవాళ్ళకి చెప్పాలనుకుంటే మోసాల వీడియోలు ఫార్వర్డ్ చేయకండి. ముందు మెయిల్ అకౌంట్ ఒక్కటి వాళ్ళ చేత్తోనే సరిచేయించండి. మిగతా పాస్‌వర్డ్‌లు మార్చుకోవడానికి లింకులు వచ్చేది దానికే కదా. ఫోన్ లేనప్పుడు లాగిన్‌కి పనికొచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాయించడం మర్చిపోకండి. మేం మర్చిపోయి, అమ్మ ఫోన్ మార్చినప్పుడు మళ్ళీ మొదటినుంచీ చేయాల్సి వచ్చింది.