పాస్ అని ఎవరు పెట్టొచ్చు? రెడ్‌మైన్ మొదలుపెడుతున్న మేనకోడలికి

పాలకొల్లు

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

భీమవరం ఆఫీసులో రొయ్యల చెరువుల లెక్కల యాప్ టెస్టింగ్ నీ చేతికిచ్చారనీ, ఇన్నాళ్లూ ఎక్సెల్లో నడిచిన టెస్ట్ కేసుల్ని, పనులూ బగ్‌లూ నమోదు చేసుకునే రెడ్‌మైన్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించమన్నారనీ అమ్మ చెప్పింది. కేసులు ఎలా ఎక్కించాలని నువ్వడిగావు. అది పెద్ద పనేం కాదు. దానికి ముందు తేలాల్సింది ఇంకోటుంది: ఒక కేసు మీద పాస్ అని పెట్టే హక్కు ఎవరిది, పెట్టాక మార్చే హక్కు ఎవరిది? అది తేలకపోతే మూడొందల కేసులు ఎక్కించినా నీ దగ్గరున్నది ఆ పాత ఎక్సెల్ షీటే, కాకపోతే బ్రౌజర్లో కనిపిస్తుంది.

రెడ్‌మైన్‌లో టెస్ట్ కేస్ అంటూ విడిగా ఏమీ ఉండదు. అక్కడ ఉన్నదల్లా ఇష్యూ, అంటే నమోదు చేసే ఒక్కో అంశం, ఆ ఇష్యూ ఏ రకందో చెప్పే ట్రాకర్. బగ్, ఫీచర్, సపోర్ట్ అనే మూడు ట్రాకర్లు డీఫాల్ట్‌గా వస్తాయి. వాటి పక్కన నువ్వు రెండు పెట్టుకో: ‘టెస్ట్ కేస్’, ‘టెస్ట్ రన్’. ఒక్కటి చాలదా అంటారు మీవాళ్లు. చాలదు. ఒకే ఇష్యూని ప్రతి రిలీజుకీ మళ్లీ ‘కొత్తది’ చేసి వాడుకుంటే, పోయిన రిలీజులో అది పాసైందో ఫెయిలైందో హిస్టరీలో ఒక లైనుగా మిగులుతుంది తప్ప రిపోర్టులోకి రాదు. అంతకన్నా ప్రమాదం ఇంకోటి. ఈ నెల ఎవరో ‘రావాల్సిన ఫలితం’ దిద్దితే, పోయిన నెల పెట్టిన పాస్ ఇప్పుడు కనబడుతున్న కొత్త వాక్యానికి పెట్టినట్టు అయిపోతుంది. అందుకని కేస్ అంటే ఏం చూడాలో చెప్పే కాగితం, రన్ అంటే ఫలానా బిల్డ్ (టెస్టింగుకి ఇచ్చిన యాప్ కాపీ) మీద ఫలానా మనిషి చూసిన దాఖలా. రెండూ విడిగానే ఉండాలి.

ఫీల్డులు ఎక్కువ పెట్టకు. కేసుకి ‘ముందు ఉండాల్సిన స్థితి’, ‘స్టెప్స్’, ‘రావాల్సిన ఫలితం’ అని మూడు లాంగ్ టెక్స్ట్ ఫీల్డులు, ‘మాడ్యూల్’ అని ఒక జాబితా. ఈ నాలుగూ రన్ ట్రాకర్‌కీ ఉండాలి. రన్‌కి అదనంగా ‘వచ్చిన ఫలితం’, ‘బిల్డ్ నంబర్’, ‘ఫోన్ మోడల్’. మాడ్యూల్‌ని మామూలు లిస్ట్‌గా కాక కీ/వాల్యూ లిస్ట్‌గా పెట్టు. మామూలు లిస్టులో ‘మేత’ని రేపు ‘మేత లెక్క’ అని మారిస్తే పాత ఇష్యూల్లో పాత పేరే ఉండిపోతుంది, ఫిల్టర్ వేస్తే సగం కేసులు కనబడవు. కీ/వాల్యూలో పేరు ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. ఫీల్డు తయారుచేశాక అది ఫారంలో కనబడకపోతే కంగారుపడకు. దానికి ట్రాకర్ దగ్గర ఒక టిక్కు, ప్రాజెక్టు దగ్గర ఒక టిక్కు కావాలి. రెండోది అందరూ మర్చిపోయేదే.

ఇక కేసు రాయడం. ‘చెరువు విస్తీర్ణం సరిగా వస్తోందో లేదో చూడు’ అన్నది కేసు కాదు. అలా రాస్తే టెస్టర్ ఒకసారి తెరిచి, ‘ఆయ్, చూశానండి, బాగానే ఉందండి’ అంటాడు. ఏం చూశాడో అతనికీ గుర్తుండదు. ఇచ్చే అంకె, రావాల్సిన అంకె రెండూ కేసులోనే ఉండాలి. మన దగ్గర ఎకరానికి వంద సెంట్లు కదా, చెరువు రెండెకరాల ఐదు సెంట్లయితే లెక్కలో 2.05. రైతు మాత్రం నోటితో చెప్పినట్టే 2.5 అని కొడతాడు, యాప్ దాన్ని రెండున్నర ఎకరాలుగా తీసుకుంటుంది. తేడా నలభై ఐదు సెంట్లు. ఎకరాకి ఇంత రొయ్యపిల్ల అని లెక్కేసే ప్రతి స్క్రీనులోకీ ఆ తేడా పాకుతుంది. ఇక్కడ ఒక కేసు కాదు, మూడు రావాలి. ఎకరాల పెట్టెలో 2, సెంట్ల పెట్టెలో 5 ఇస్తే 2.05 రావాలి. సెంట్ల పెట్టెలో 100 ఇస్తే తీసుకోకూడదు. ఎకరాల పెట్టెలో చుక్క కొడితే కొట్టనివ్వకూడదు. ఒక్కో కేసులో ఒక్కటే తేల్చు. మూడూ కలిపి ఒకటిగా రాస్తే, రెండు పాసై ఒకటి ఫెయిలైనప్పుడు ఏం పెట్టాలో ఎవరికీ తెలీదు, చివరికి పాస్ పెట్టేస్తారు.

మేత లెక్క కేసు ఇలా ఉండాలి. వదిలిన పిల్ల లక్ష, సర్వైవల్ 70 శాతం, కౌంట్ (కిలోకి తూగే రొయ్యలు) 50, మేత సరుకు బరువులో 3 శాతం. బతికున్నవి 70,000. కిలోకి యాభై చొప్పున చెరువులో సరుకు 1,400 కిలోలు. రోజు మేత 42 కిలోలు. ఈ మధ్య అంకెలు కూడా ‘రావాల్సిన ఫలితం’లో రాయి. 42 రాకపోతే ఎక్కడ తప్పిందో బగ్ రాసేవాడికి అక్కడే దొరుకుతుంది. కౌంట్ 0 ఇస్తే ఏమవుతుందన్నది వేరే కేసు, ఖాళీగా వదిలితే ఏమవుతుందన్నది ఇంకోటి. కౌంట్ 60 నుంచి 50కి దిగితే రొయ్య పెరిగినట్టని మన ఊళ్లో చిన్నపిల్లాడిక్కూడా తెలుసు. హైదరాబాదులో కూర్చున్న డెవలపర్‌కి తెలియాలని లేదు. అంకె తగ్గింది కాబట్టి నష్టమనుకుని అతను ఎర్ర బాణం కిందికి పెడతాడు. ఇలాంటివి పట్టుకోడానికే టెస్టర్లని భీమవరంలో పెట్టుకున్నారనుకుంటాను. ఆక్సిజన్ 4 పీపీఎం కంటే తగ్గితే అలారం మోగాలన్నది మీ రూలయితే 3.9, 4.0, 4.1 మూడూ రాయి. ఆ రూలులో 4.0 మోగాలా వద్దా అన్నది డెవలపర్ని కాదు, క్లయింటుని అడిగి రాయించుకో.

రిలీజు వచ్చినప్పుడు రన్‌లు చేత్తో రాయక్కర్లేదు. ఆమోదం పొందిన కేసుల్ని ఫిల్టర్ చేసి, అన్నీ సెలెక్ట్ చేసి, కుడి క్లిక్కులో కాపీ కొట్టు. వచ్చే ఫారంలో ట్రాకర్‌ని టెస్ట్ రన్‌కి మార్చు, టార్గెట్ వెర్షన్‌లో రిలీజు పేరు పెట్టు, స్టేటస్ ‘కొత్తది’ చెయ్యి, అసలు ఇష్యూతో లింకు పెట్టే టిక్కు ఉంచు. కాపీలో కేసు మాటలు ఆ రోజుకి ఎలా ఉన్నాయో అలాగే నిలిచిపోతాయి, ఏ కేసు నుంచి వచ్చిందో లింకు చెబుతుంది. పేరెంట్, సబ్‌టాస్కుల జోలికి మాత్రం పోకు. రన్‌లని కేసు కింద సబ్‌టాస్కులుగా పెడితే పేరెంట్ ప్రయారిటీ, తేదీలు డీఫాల్ట్‌గా పిల్లల్ని బట్టి మారిపోతుంటాయి.

రన్ స్టేటస్‌లు ఐదు చాలు: కొత్తది, నడుస్తోంది, పాస్, ఫెయిల్, ఆగింది. వీటిలో పాస్ ఒక్కదానికే ‘క్లోజ్డ్’ టిక్కు పెట్టు. అలా ఎందుకంటే, ఫెయిలైన రన్ మీద బగ్ రాసినప్పుడు ఆ బగ్ ఈ రన్‌ని ‘బ్లాక్స్’ అని రిలేషన్ పెడితే, బగ్ తెరిచి ఉన్నంతకాలం రన్‌ని క్లోజ్డ్ స్టేటస్‌కి పోనివ్వదు రెడ్‌మైన్. జాబితాలో పాస్ అనే మాటే కనిపించదు. రిలీజు ముందురోజు రాత్రి ఎవరు ఎంత ఒత్తిడి చేసినా, బగ్ సంగతి తేల్చకుండా ఆ రన్ పాసవ్వదు.

ఇప్పుడు అసలు సంగతి, హక్కులు. రోల్స్ నాలుగు పెట్టు: లీడ్, టెస్టర్, డెవలపర్, క్లయింట్. ఏ స్టేటస్ నుంచి ఏ స్టేటస్‌కి ఎవరు మార్చొచ్చో చెప్పేది వర్క్‌ఫ్లో. ఆ పేజీలో టెస్టర్ రోల్, టెస్ట్ రన్ ట్రాకర్ జంటని తెరిస్తే మూడు పట్టికలుంటాయి. పైది ఆ రోల్‌లో ఉన్న అందరికీ, కింద రెండూ ఇష్యూ రాసినవాడికీ, అసైన్ అయినవాడికీ అదనం. పైది ఖాళీగా వదిలి, అసైనీ పట్టికలో మాత్రం కొత్తది నుంచి నడుస్తోందికి, అక్కణ్ణుంచి పాస్, ఫెయిల్, ఆగిందికి, ఫెయిల్, ఆగింది నుంచి వెనక్కి నడుస్తోందికి టిక్కులు పెట్టు. పాస్ నుంచి వెనక్కి దారి టెస్టర్‌కి ఇవ్వకు, అది లీడ్‌కే. డెవలపర్‌కి రన్ ట్రాకర్‌లో ఒక్క టిక్కూ వద్దు. తను రాసిన కోడుకి తనే పాస్ పెట్టుకునే వీలు ఉండకూడదు, మంచివాడైనా సరే.

అదే పేజీలో ఫీల్డుల హక్కులు ఇంకో ట్యాబులో ఉంటాయి. టెస్టర్‌కి రన్‌లో ‘స్టెప్స్’, ‘రావాల్సిన ఫలితం’ అన్ని స్టేటస్‌లలోనూ రీడ్ ఓన్లీ చెయ్యి. ఫెయిల్ స్టేటస్ కింద ‘వచ్చిన ఫలితం’, ‘బిల్డ్ నంబర్’ రిక్వైర్డ్ చెయ్యి. ఏం వచ్చిందో రాయకుండా ఫెయిల్ అంటే సేవ్ అవ్వదు. ఇష్యూ డిలీట్ చేసే హక్కు లీడ్‌తో సహా ఎవరికీ వద్దు. డిలీట్ చేస్తే హిస్టరీ కూడా పోతుంది. పనికిరాని కేసుకి ‘పాతబడింది’ అని స్టేటస్ పెట్టి పక్కన పెట్టొచ్చు.

ఎక్కువమంది బోల్తాపడేది ఒక మనిషికి రెండు రోల్స్ ఇచ్చినప్పుడు. రెండు రోల్స్ హక్కులూ కలుస్తాయి, ఒకటి ఇంకోదాన్ని తగ్గించదు. ఒక చేలోకి రెండు తూములుంటే ఒకటి మూసినంత మాత్రాన నీళ్లు ఆగవు కదా, ఇదీ అంతే. రీడ్ ఓన్లీ సంగతైతే మరీను: ఆ మనిషికున్న అన్ని రోల్స్‌లోనూ రీడ్ ఓన్లీ అయితేనే అది పనిచేస్తుంది. టెస్టర్‌గా ఉన్నవాడికి ‘కొంచెం సాయానికి’ లీడ్ రోల్ కూడా తగిలిస్తే నువ్వు కట్టిన కట్టడి అంతా పోయినట్టే. గ్రూపు ద్వారా వచ్చిన రోల్‌ని ఆ మనిషి పేరు దగ్గర తీసేద్దామంటే టిక్కు కదలదు. గ్రూపులోంచి మనిషిని తీయాలి, లేదా గ్రూపు రోల్ మార్చాలి.

క్లయింట్ రోల్‌ని పెట్టేప్పుడు ఇష్యూలు చూసే హక్కుని ట్రాకర్‌వారీగా ఇవ్వొచ్చు (3.3 వెర్షన్ నుంచి ఉంది). వాళ్లకి బగ్ ట్రాకర్ చాలు. కానీ బగ్‌కి తగిలించిన స్క్రీన్‌షాటు ఆ బగ్ చూడగలిగిన ప్రతివాడికీ కనబడుతుంది. అందులో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. టెస్టింగుకి ఉత్తుత్తి రైతుల డేటా విడిగా పెట్టుకోండి, అసలు డేటాతో స్క్రీన్‌షాట్లు తీయొద్దని మొదటిరోజే చెప్పు. లోపలి చర్చ ఉంటే ప్రైవేట్ నోట్‌గా రాయండి, ఆ నోట్లు చూసే హక్కు క్లయింట్‌కి తీసెయ్యి.

ఇంకో రెండు చోట్ల కన్నాలుంటాయి. కొత్త ప్రాజెక్టుకి పబ్లిక్ అనే టిక్కు డీఫాల్ట్‌గా పడి ఉంటుంది. పబ్లిక్ ప్రాజెక్టుని మెంబర్లు కానివాళ్లు కూడా నాన్ మెంబర్ రోల్ హక్కులతో చూస్తారు. సెట్టింగుల్లో లాగిన్ తప్పనిసరి చెయ్యకపోతే లాగిన్ కానివాళ్లు కూడా అనానిమస్ రోల్‌తో చూస్తారు. ఈ రెండు రోల్స్‌నీ తెరిచి టిక్కులన్నీ తీసి, తర్వాత పబ్లిక్ టిక్కు తీసెయ్యి.

ఇవన్నీ పెట్టాక అడ్మిన్ లాగిన్‌తో చూసి ‘పనిచేస్తోంది’ అనుకోకు. రోల్స్ హక్కుల కట్టడి అడ్మిన్‌కి అంటదు, వర్క్‌ఫ్లోలో కూడా అన్ని రోల్స్ దారులూ కనిపిస్తాయి. రోల్‌కి ఒకటి చొప్పున నాలుగు ఉత్తుత్తి యూజర్లని పెట్టు. ఒకే మెయిల్ ఐడీ ఇద్దరికి ఒప్పుకోదు కాబట్టి, జీమెయిల్లో నీ పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి టెస్టర్, క్లయింట్ అని కలిపితే అన్నీ నీ డబ్బాలోకే వస్తాయి. బ్రౌజర్ ప్రైవేట్ కిటికీలో ఒక్కోరితో లాగిన్ అయ్యి, చెయ్యకూడనివి చేసి చూడు. డెవలపర్‌గా రన్‌ని పాస్ చెయ్యడం, టెస్టర్‌గా వేరేవాడి రన్‌ని పాస్ చెయ్యడం, క్లయింట్‌గా టెస్ట్ కేస్ లింకుని నేరుగా తెరవడం. ఇవి కూడా కేసులుగా రాసి పెట్టుకో. రోల్స్‌లో ఎవరు చెయ్యి పెట్టినా మళ్లీ నడపొచ్చు.

పాత ఎక్సెల్ ఎక్కించడం చివరి పని. తెలుగు మాటలున్న షీటుని ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా సేవ్ చెయ్యి. మామూలు సీఎస్‌వీ అయితే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. మొదట ఐదు వరసలే ఇంపోర్ట్ చేసి, లాంగ్ టెక్స్టులో లైన్లు విడిపోయాయేమో చూసి, ఆ తర్వాత మిగతావి. మూడొందల్లో సగం పాతబడినవే ఉంటాయి, అవి అక్కడే వదిలెయ్. పాత షీటులోని పాస్, ఫెయిల్ కాలమ్ మాత్రం ఎక్కించొద్దు, అవి ఎవరు ఎప్పుడు పెట్టారో చెప్పే ఆధారం లేదు.

రిలీజయ్యాక వెర్షన్‌ని ముందు ‘లాక్డ్’ చెయ్యి, కొత్త ఇష్యూలు దాంట్లోకి రావు. అన్నీ తేలాక ‘క్లోజ్డ్’ చెయ్యి, పాసైన రన్‌లని ఇక ఎవరూ తిరిగి తెరవలేరు. ఎవరైనా ఉద్యోగం మానేస్తే వాళ్ల యూజర్‌ని లాక్ చెయ్యి, డిలీట్ చెయ్యకు. డిలీట్ చేస్తే వాళ్లు రాసినవన్నీ అనానిమస్ పేరు మీదికి పోతాయి, ఎవరు పాస్ పెట్టారో చెప్పే పేరు మళ్లీ రాదు.

ఉంటాను. ఉత్తుత్తి యూజర్లతో చూశాక ఏదైనా అనుకోనిది కనిపిస్తే స్క్రీన్‌షాటు పంపు, రోల్ పేరు రాసి మరీ పంపు.

మావయ్య