చూడకపోతే చూడలేదనే చెప్పు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, ఇది మెడికల్ స్కూలు వద్దని ఫిజీషియన్ అసిస్టెంటు, అదే పీఏ, అవుతానంటోంది, నువ్వైనా చెప్పు" అంది. నేనేం చెప్తాను? ఇన్నేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం అదేగా! ఆ సంగతి గుర్తొచ్చి తనే నాలిక కరుచుకుంది. ఫోన్ పెట్టేశాక నాకు మాత్రం నిద్ర పట్టలేదు. సంతోషం సగం, బెంగ సగం. మనబడిలో నీకు తెలుగు నేర్పించింది ఇలాంటి ఉత్తరాలు చదివించడానికే కాబట్టి, విసుక్కోకుండా చదువు.

ముందు మీ అమ్మకి చెప్పాల్సింది. పీఏ అంటే డాక్టరు సీటు రానివాళ్ల కోసం పెట్టిన చదువు కాదు. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ దీన్ని మొదలుపెట్టినప్పుడు తీసుకున్నది నేవీలో వైద్యం పని చేసొచ్చిన నలుగురిని. వాళ్లకి చెయ్యి తిరిగిన పని ఉంది, దానికి తగ్గ పట్టా లేదు. మరోపక్క జనానికి డాక్టర్లు చాలడం లేదు. ఆ రెండిటినీ కలిపాడాయన. మేం రోగిని చూస్తాం, జబ్బేమిటో తేలుస్తాం, మందులు రాస్తాం, కుట్లు వేస్తాం. నేను ఆర్థోపెడిక్స్‌లో మొదలెట్టి, డాక్టర్లు స్పెషాలిటీ కోసం చేసే రెసిడెన్సీ శిక్షణ అంటూ మళ్లీ ఏదీ చెయ్యకుండానే ఫ్యామిలీ మెడిసిన్‌కి మారాను. ఇంత చెప్పినా మన చుట్టాల్లో ఎవరో ఒకరు "సగం డాక్టరా?" అంటారు. అననీ. బీపీ పెరిగితే ఆదివారం పూట వాళ్లు ఫోన్ చేసేది నాకే.

ఇక పనులు. పీఏ కాలేజీలకి కలిపి పెట్టుకునే కాస్పా దరఖాస్తు ఏప్రిల్ చివర్లో మొదలవుతుంది. చాలా కాలేజీలు వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లు నింపేస్తాయి, ఆఖరి తేదీ దాకా కూర్చోకు. డాక్టరు వెనక నిలబడి చూసిన గంటలు పేషెంట్ కేర్ గంటల్లోకి, అంటే నీ చేత్తో రోగికి పని చేసిన గంటల్లోకి, రావు. నర్సింగ్ అసిస్టెంటుగానో, అంబులెన్సులో పనిచేసే ఈఎంటీగానో చేరు, చాలాచోట్ల వెయ్యి గంటలైనా అడుగుతారు. ముసలాయన్ని మంచం మీద పక్కకి తిప్పడం, డైపరు మార్చడం నీవల్ల కాదనుకుంటే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. పీఏ చదువులకి గుర్తింపు ఇచ్చే సంస్థ ఆర్క్-పీఏ, కాలేజీకి దాని గుర్తింపు ఎలా ఉందో చూడు, ప్రొబేషన్‌లో ఉంటే ఎందుకో అడుగు. చదువయ్యాక లైసెన్సు కోసం రాసే ప్యాన్స్ పరీక్షలో ఎంతమంది గట్టెక్కారో కాలేజీ సైట్‌లో ఉంటుంది. చేరినవాళ్లలో ఎంతమంది మధ్యలో ఆగిపోయారో కూడా ఉంటుంది, నువ్వు అది తప్పకుండా చూడు. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి ప్రభుత్వం పైచదువులకి ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోను లేదు, కాబట్టి సిగ్గుపడకుండా మీ నాన్నతో కూర్చుని డబ్బు లెక్క వేసుకో. ప్యాన్స్ అంటావా, అయిదు గంటలు, 300 ప్రశ్నలు. అది నువ్వు రాసేస్తావు, దాని గురించి నాకు దిగుల్లేదు.

నా దిగులు వేరే ఉంది.

నాతో ఒకబ్బాయి చదివేవాడు. క్లాసులో అందరికంటే ముందుండేవాడు. అనాటమీలో అనుమానం వస్తే మేమంతా వాడి దగ్గరికే పోయేవాళ్లం. మొదటి ఏడాది పాఠాలయ్యాక రొటేషన్లు, అంటే ఒక్కో విభాగంలో రోగుల దగ్గర పని నేర్చుకోవడం, మొదలయ్యాయి, ఫ్యామిలీ మెడిసిన్‌కి ఇద్దరం ఒకే క్లినిక్‌లో పడ్డాం. ఓ మధ్యాహ్నం ట్రక్కు నడిపే పెద్దాయన వచ్చాడు, ఎప్పటినుంచో షుగరు. బయట జనం కిక్కిరిసి ఉన్నారు. షుగరు ఉన్నవాళ్లకి పాదాలు చూడాలి. బూటూ సాక్సూ తీయించి, అరికాలు, వేళ్ల సందులు చూసి, మోనోఫిలమెంటు అనే సన్నటి నైలాన్ పోగు ఆనించి స్పర్శ తెలుస్తోందా అని అడిగి, పాదం మీదా చీలమండ లోపలి పక్కా నాడి పట్టుకోవాలి. ఆయనవేమో పైదాకా లేసులున్న బరువైన బూట్లు. విప్పించడానికే అయిదు నిమిషాలు పట్టేట్టుంది. "కాళ్లెలా ఉన్నాయి?" అని మావాడు అడిగాడు. "బ్రహ్మాండం, ఏ నొప్పీ లేదు" అన్నాడాయన. వీడు చార్టులో 'పాదాలు నార్మల్, నాడి బాగుంది' అని రాసేశాడు. షుగరుతో పాదాలు మొద్దుబారతాయి, నొప్పి లేదంటేనే అనుమానించాలని పరీక్షకి ముందు మా అందరికీ చెప్పినవాడు వాడే!

క్లినిక్‌లో మాకు పని నేర్పే ప్రిసెప్టరు కూడా పీఏనే. ఆవిడ లోపలికెళ్లి, ఏం తోచిందో, బూట్లు విప్పించింది. కుడి బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు, సాక్సు దానికి అంటుకుపోయి ఉంది. బయటికొచ్చి, గొంతు పెంచకుండానే "నువ్వు చూశావా?" అని అడిగింది.

లేదంటే అక్కడితో అయిపోయేది. నాలుగు చీవాట్లు పెట్టి మళ్లీ గదిలోకి పంపేది. వాడు "చూశాను, అప్పుడు లేదు" అన్నాడు. అంతకుముందు పది నిమిషాల కిందట లేని పుండు! ఆవిడ ఇంకోసారి అడిగింది. వాడు ఇంకోసారి అదే చెప్పాడు. సంగతి కాలేజీ కమిటీ దాకా వెళ్లింది. బూట్లు విప్పించనందుకు వాళ్లు ఒక్క మాటే అన్నారట, మిగతా గంటంతా ఆ రెండు జవాబుల మీదే. వాణ్ణి మా బ్యాచ్‌లోంచి తీసి కింది బ్యాచ్‌లో వేశారు, డీసెలరేషన్ అంటారు దాన్ని. ఏడాది పోయింది, ఫీజూ పోయింది. పెద్దాయన వేలు మాత్రం దక్కింది. వాడు తర్వాతి ఏడు పాసయ్యాడు గానీ మాలో ఎవరితోనూ మళ్లీ మాట్లాడలేదు.

వాడు చెడ్డవాడు కాదే. చిన్నప్పటినుంచి ఎవరేం అడిగినా టక్కున జవాబు చెప్పి మెప్పు పొందినవాడు. 'తెలీదు' అనడం నోటికి అలవాటు కాలేదు.

నీకిది ఎందుకు చెప్తున్నానో తెలిసే ఉంటుంది. నీ చిన్నప్పుడు మా ఇంట్లో గోంగూర జాడీ పగిలితే "పిల్లి పడేసింది" అన్నావు. మా ఇంట్లో పిల్లి ఏనాడూ లేదు. అందరం నవ్వి, నిన్ను ముద్దు చేశాం. మొన్న మెడికల్ స్కూలు ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ మార్కులు మీ అమ్మకి చెప్పడానికి నీకు రెండు నెలలు పట్టింది. అది విన్నప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. స్టెతస్కోపులో ఏమీ వినపడకపోతే వినపడలేదను. వార్డులో సూది గుచ్చుకుంటే, మార్కులు తగ్గుతాయేమోనని చెయ్యి కడుక్కుని ఊరుకోకు. వెంటనే చెప్పు, హెచ్ఐవీ రాకుండా వేసే మందు గంటల్లో మొదలెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు.

ఇంకోటి, కారు. రొటేషన్ ఒక్కోసారి గంటన్నర దూరంలో పడేస్తారు. తెల్లారకముందే బయల్దేరాలి, చీకటిపడ్డాక తిరిగి రావాలి. నవంబరులో జింకలు రోడ్డు మీదికి వస్తాయి. ఒకటి దాటిపోయిందని గ్యాస్ తొక్కకు, వెనకాల ఇంకోటి ఉంటుంది. నిద్రొస్తే ఆసుపత్రి పార్కింగులోనే సీటు వాల్చి పడుకో. ఏ వేళైనా సరే, నాకు ఫోన్ చెయ్యి. నవ్వకు, నీ పరీక్షలన్నిటికంటే నాకు దీని భయమే ఎక్కువ.

పర్సనల్ స్టేట్‌మెంటు 5,000 అక్షరాలు దాటకూడదు. అమ్మమ్మ మంచాన పడ్డప్పుడు అంటూ మొదలెట్టకు, అందరూ అలాగే మొదలెడతారు. రాశాక నాకు పంపు. ఆదివారం, మీ అమ్మ పక్కన లేనప్పుడు ఫోన్ చెయ్యి. ఫిజియాలజీలో ఆ సీ గ్రేడు ఎందుకొచ్చిందో ముందు అది చెప్పు.

నీ పెద్దమ్మ