టీసీ బురదలో పోయింది, పిల్లల చదువో?

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు ఇంట్లోకి వచ్చేసింది. మూడు రోజులు పక్కింటి డాబా మీద ఉండి, పడవలో బయటపడ్డాం. మా ఆయన ఆటో మునిగిపోయింది. ఇప్పుడు పిల్లలతో నూజివీడు దగ్గర మా పుట్టింట్లో ఉంటున్నాను. ఇద్దరిదీ మునిసిపల్ హైస్కూలే. బాబు ఎనిమిది, పాప పది. ఇక్కడి బడిలో అడిగితే టీసీ, ఆధార్ తెమ్మన్నారు. అవన్నీ బురదలో పోయాయి. పాపను ఈ ఏడాదికి మాన్పించి, వచ్చే ఏడు పరీక్షకు కట్టిద్దామని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, పాపను మాత్రం మాన్పించకండి. అత్తగారికి నా మాటగా చెప్పండి.

1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు నాదీ పదో తరగతే. మా బడి కప్పు లేచిపోయింది. గోడలు మిగిలిన రెండు గదుల్లో జనం తలదాచుకున్నారు. మామయ్య నన్ను ఉయ్యూరు తీసుకెళ్లి అక్కడి బడిలో నిలబెట్టాడు. నా చేతిలో ఒక్క కాగితం లేదు. హెడ్మాస్టరు గారు “లెక్కల్లో ఎంతవరకు అయింది?” అని అడిగి, రెండో బెంచీలో కూర్చోబెట్టారు. పేరు ఎక్కించడం తర్వాతెప్పుడో జరిగింది. నా క్లాసులోనే ఇద్దరమ్మాయిలు “వచ్చే ఏడు చూద్దాంలే” అని ఇంటిపట్టున ఉండిపోయారు. ఆ వచ్చే ఏటికి ఇద్దరికీ పెళ్లిళ్లయిపోయాయి. వాళ్లు నాకంటే బాగా చదివేవాళ్లు.

బాబు సంగతి తేలిక. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో సర్కారు బడి పిల్లవాణ్ని చేర్చుకోననకూడదు, తిప్పించుకోనూ కూడదు. వయసు రుజువు లేదని కూడా కాదనకూడదు. అది 14వ సెక్షన్. అడిగిన వెంటనే టీసీ రాసివ్వాల్సిన బాధ్యత పాత బడి హెడ్మాస్టరుది. ఈ మాటే తెల్లకాగితం మీద రాసి, బాబును వెంటబెట్టుకుని వెళ్లండి. ఇంకా కుదరదంటే మండల విద్యాధికారి (ఎంఈఓ) గారి దగ్గరికి వెళ్లండి. పుస్తకాల సంగతి కూడా ఆ బడిలోనే అడగండి. పది వరకు సర్కారు బడిలో పాఠ్యపుస్తకాలు ఉచితమే. వరదలో పోయాయంటే హెడ్మాస్టరు పైకి రాసి తెప్పించగలరు.

పాపకు ఈ చట్టం వర్తించదు, అది ఎనిమిదో తరగతి వరకే. పైగా పదో తరగతి పరీక్షకు పేరు వెళ్లేది చదువుతున్న బడి నుంచే. ఫీజు, నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పని మామూలుగా దసరా దాటాక మొదలవుతుంది. అందుకే పాప టీసీ ఇప్పుడు తీయకండి. మీ హెడ్మాస్టరుకు ఈరోజే ఫోన్ చేసి, పాప ఎక్కడుందో, ఎందుకు రావట్లేదో చెప్పండి. చెప్పకపోతే రోజూ గైర్హాజరు పడుతూ పోయి చివరికి పేరు కొట్టేసే ప్రమాదం ఉంది. సింగ్‌నగర్ ఇల్లు ఆరేదాకా విజయవాడలోనే ఎవరైనా చుట్టాలింట్లో ఉంచగలరా? లేదంటే సంక్షేమ హాస్టల్లో చోటుందేమో వాకబు చేయండి. ఈ వరదకు ప్రభుత్వం ఇచ్చే పాతిక వేలు ఇంటి సామానుకే చాలవని నాకు తెలుసు. అయినా పాప బస్సు చార్జీలు అందులోంచి ముందే పక్కన పెట్టండి. పాప విజయవాడ వెళ్లేదాకా, రోజుకు రెండు గంటలైనా మీ పుట్టింటి దగ్గరి బడిలో పదో తరగతిలో కూర్చోనివ్వమని అడగండి. నా సర్వీసులో నేను అలా కూర్చోబెట్టాను.

బడిలోనూ కాగితాలు తడిసిపోయి ఉంటే ఎలాగని మీకు టెన్షన్ ఉండొచ్చు. 2009 అక్టోబరు కృష్ణ వరదల్లో నేను పనిచేసిన బడి పునరావాస శిబిరమైంది. జనం ఇళ్లకు వెళ్లాక చూస్తే మధ్యాహ్న భోజనం బియ్యం ముక్కిపోయాయి, గోడ మీద బురద చార స్విచ్‌బోర్డు దాకా ఉంది. కింది అరలో పెట్టిన అడ్మిషన్ రిజిస్టరు నీళ్లు తాగి ఇటుకంత లావైంది. ఎర్ర సిరా కారి పేర్ల మీదికి పాకింది. పేజీకీ పేజీకీ మధ్య పాత పేపర్లు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చుకుంటూ ఫ్యాను కింద వారం రోజులు ఆరబెట్టాం. ఎండలో పెడితే అట్టలా బిగుసుకుపోయేవి. ఇప్పుడైతే పిల్లల వివరాలు యూడైస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో ఉంటాయి కాబట్టి రిజిస్టరు పోయినా టీసీ రాయొచ్చు. ఆధార్ మళ్లీ ఆన్‌లైన్లో తీసుకోవచ్చు, నంబరు గుర్తులేకపోతే ఆధార్ కేంద్రానికి వెళ్లండి.

పాప నోట్సులు మిగిలుంటే పారేయకండి, వాటినీ అలాగే ఆరబెట్టండి. లెక్కల నోట్సుతో మొదలుపెట్టండి.